అడగలేని ఆకలి



"అడగందే అమ్మయినా పెట్టదు" అని మనకొక సామెత ఉన్నది. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నన్నాళ్ళూ ఈ సామెతను ఎన్ని తరగతి గదుల్లో వివరించానో లెక్కలేదు. సందేహం వస్తే సిగ్గుపడకుండా అడగండి అని పిల్లలకు చెప్పటానికి ఇంతకన్నా మంచి సాధనం దొరకదు. అయితే అడగటానికి నోరు రాని బిడ్డ మాటేమిటని ఏ విద్యార్థీ నన్ను అడగలేదు. నా అంతట నాకూ తోచలేదు.

పద్యాలూ, పదాల పుట్టుపూర్వోత్తరాలూ వ్రాసుకొనే ఈ పుటలో విటమినుల ప్రసక్తి ఏమిటని మీరు విస్తుపోవచ్చు. నేను వైద్యుణ్ణి కాను. ఒక సంగతి కళ్ళారా చూసి, దాన్ని గురించి చదివి, తెలిసినవారిని అడిగి, ఇక వ్రాయకుండా ఉండలేక వ్రాస్తున్నాను. చెప్పదలచినది ఒక్క మాట. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు ఎముకల గూడులా చిక్కిపోవటం ఆ జబ్బు లక్షణమే అని మనం అనుకొంటున్నాం. చాలామందిలో అది ఆకలి. చికిత్స ఉన్న ఆకలి.

ముందుగా పేరు సంగతి. సెరిబ్రల్ పాల్సీని తెలుగులో మస్తిష్క పక్షవాతం అంటున్నారు. పక్షమంటే ఒక వైపు. ఈ పిల్లల్లో కొందరికి ఒక వైపే బిగుసుకొంటుంది గాని, కొందరికి రెండు కాళ్ళు, మరికొందరికి కాళ్ళూ చేతులూ మెడా కూడా వశం తప్పుతాయి. అదీ కాక, పక్షవాతమనగానే మన మనసులో మెదిలేవి కాళ్ళూ చేతులే. నాలుక, దవడ, గొంతు గుర్తుకు రావు. నమలటం, మింగటం కూడా కండరాల పనే కదా! కాలు బిగుసుకొన్న పిల్లవాడు నడవలేడని అందరికీ తెలుసు. నాలుక బిగుసుకొన్న పిల్లవాడు తినలేడని మాత్రం మనకు తట్టదు. "తినడు" అంటాం. తినడు అనటానికీ, తినలేడు అనటానికీ ఉన్న భేదం వ్యాకరణంలో చిన్నది, ఆ పిల్లవాని బ్రతుకులో చాలా పెద్దది.

పుట్టుక సమయంలో కలిగిన కష్టాలకూ, బిడ్డ అవయవాల బిగువుకూ సంబంధం ఉన్నదని 1862లో లండను వైద్యుడు విలియం జాన్ లిటిల్ సోదాహరణంగా వివరించాడు. అందుచేత చాలాకాలం దీన్ని లిటిల్ వ్యాధి అనేవారు. ఎదుగుతున్న మెదడుకు గర్భంలోనో, కాన్పులోనో, శైశవంలోనో తగిలిన దెబ్బ దీనికి మూలం. నెలలు నిండకుండా పుట్టటం, పుట్టగానే ఊపిరి అందకపోవటం, ముదిరిన పసికామెర్లు, మెదడువాపు వంటివి కారణాల్లో కొన్ని. తల్లి చేసిన పాపమూ కాదు, గ్రహణం చూసిన దోషమూ కాదు. ఆ దెబ్బ మానదు. అయితే, పెరగదు కూడా. ఈ రెండో మాటను గట్టిగా పట్టుకోవాలి. మెదడులోని దెబ్బ పెరగనిది అయినప్పుడు, పిల్లవాడు ఏటేటా చిక్కిపోతూ ఉంటే ఆ చిక్కిపోవటానికి కారణం వేరే చోట వెతకవలసి ఉన్నది. చాలాసార్లు అది కంచంలో దొరుకుతుంది.

ఇక నేను చూసిన సంగతి. బాన్సువాడలో ఒకప్పుడు నా దగ్గర తెలుగు చదువుకొన్న అమ్మాయి ఒకరోజు మందుల దుకాణం ముందు కనిపించింది. చంకలో కొడుకు. మూడేళ్ళవాడనుకొన్నాను. ఎనిమిదేళ్ళట! మెడ నిలవదు, మాట రాదు, అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి.

"వీనిది రోగమే అసొంటిది సార్. ఎంత పెట్టినా ఒంటికి పట్టది," అన్నది.

"ఏం పెడుతున్నవు బిడ్డా?" అని అడిగాను.

"పొద్దుగాల పాలల్ల బిస్కెట్లు నానబెట్టి తాపుత. పగటిపూట బువ్వ మెత్తగ పిసికి, చారు పోసి, పల్చగ చేసి తాపుత. రాత్రి మల్ల పాలే. గట్టిగుంటే పొలమారుతది సార్, భయమైతది."

మాటలు పట్టి చూడటం నా వృత్తి దోషం. ఆమె "తినిపిస్త" అనలేదు. మూడు పూటలకూ "తాపుత" అన్నది. ఎనిమిదేళ్ళ బిడ్డ తినటం అనే క్రియాపదం లేకుండానే పెరిగాడన్నమాట!

ఆ దుకాణం ముందు తూకం యంత్రం ఉన్నది. ఆమెను ఒక్కతెనూ నిలబెట్టి, తరువాత బిడ్డతో నిలబెట్టి, తీసివేత చేశాం. పదకొండు కిలోలు. రెండేళ్ళ మగపిల్లవాని మధ్యస్థ బరువు సుమారు 12 కిలోలు, ఎనిమిదేళ్ళవానిది సుమారు 25. నిలబడలేని పిల్లల ఎత్తు కొలవటానికి కూడా ఒక ఉపాయం ఉన్నది. మోకాలిని లంబకోణంగా మడిచి, మడమ అడుగు నుండి మోకాలి పైభాగం వరకు సెంటీమీటర్లలో కొలిచి, ఆ సంఖ్యను 2.69 తో గుణించి, 24.2 కలపాలి. పన్నెండేళ్ళలోపు సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసం స్టీవెన్‌సన్ అనే వైద్యుడు 1995లో ఇచ్చిన సూత్రమిది. తరువాత వారి ఇంటికి వెళ్ళి టేపుతో కొలిస్తే 29 వచ్చింది. లెక్క కడితే ఎత్తు సుమారు 102 సెంటీమీటర్లు. అంటే ఎత్తు నాలుగేళ్ళవానిది, బరువు రెండేళ్ళవానికన్నా తక్కువ. ఎముక ఎదుగుతూనే ఉన్నది, దాని మీద కండ లేదు.

ఆ తల్లి చెప్పిన తిండికి లెక్క కట్టి చూశాను. ఎంత ఉదారంగా లెక్కించినా రోజుకు ఐదారు వందల కేలరీలు మించలేదు. ఏడు నుండి తొమ్మిదేళ్ళ పిల్లలకు సుమారు 1,700 కేలరీలు అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది. పడుకొని ఉండే పిల్లవాడికి అంత అక్కరలేదు గాని, అందులో మూడోవంతుతో ఏ బిడ్డ బ్రతుకుతాడు? ఆమె పెట్టటంలో లోటు లేదు. పూటకు గంటసేపు ఒళ్ళో పెట్టుకొని చెంచాతో పోస్తుంది. పోసినదాంట్లో సగం గడ్డం మీదుగా జారిపోతుంది. లోపలికి పోయినది ముప్పాతిక నీరు.

ఇది బాన్సువాడ తల్లి ఒక్కతె కథ కాదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ ప్రాంతపు నాడీ వైకల్యం గల పిల్లల తల్లిదండ్రులను ప్రశ్నించి పీటర్ సలివన్ బృందం 2000లో ఒక అధ్యయనం ప్రకటించింది. వారిలో అత్యధికులు సెరిబ్రల్ పాల్సీ పిల్లలే. 89 శాతం మందికి ఎవరో ఒకరు తినిపించాలి. 56 శాతం మందికి తింటుంటే పొలమారుతుంది. 28 శాతం మందికి తినిపించటానికే రోజులో మూడు గంటలకు పైగా పడుతుంది. 64 శాతం మంది పిల్లల తిండినీ, పోషణనూ అంతకుముందు ఏ నిపుణుడూ పరీక్షించలేదు! సకల వైద్య సదుపాయాలున్న దేశం మాట ఇది. అక్కడే అడిగినవాడు లేకపోతే, ఇక్కడ అడుగుతారని ఎట్లా అనుకోగలం?

కేలరీల లోటు కంటికి కనిపిస్తుంది. సూక్ష్మ పోషకాల లోటు కనిపించదు. అందుకని దాన్ని కాస్త వివరిస్తాను.

మొదటిది ఇనుము. పాలు బలమని మన నమ్మకం. నిజమే గాని పాలలో ఇనుము బహు స్వల్పం. పాల మీదనే బ్రతికే బిడ్డకు రక్తహీనత రావటం వింత కాదు. రక్తం లేని పిల్లవాడు మగతగా, నీరసంగా ఉంటాడు. "మెదడు పనిచేయదు గనుక అట్లా ఉన్నాడు" అని ఆ మగతను కూడా జబ్బు ఖాతాలో వేస్తాం.

రెండోది డి విటమిను. ఈ పిల్లలు ఇల్లు కదలరు, ఎండ తగలదు. కాళ్ళ మీద బరువు పడదు గనుక ఎముక గట్టిపడదు. దీనికి తోడు ఫిట్స్ మందుల్లో కొన్ని, ముఖ్యంగా ఫినోబార్బిటోన్, ఫెనిటోయిన్ వంటివి, ఒంట్లోని డి విటమినును త్వరగా ఖర్చు చేయిస్తాయి. బట్టలు మార్చేటప్పుడు తొడ ఎముక విరిగిన పిల్లలున్నారంటే నమ్మగలరా? మందు మానరాదు, మానితే ప్రమాదం. మందుతో పాటు డి విటమిను ఎంత ఇవ్వాలో వైద్యుణ్ణి అడగాలి.

మూడోది ఫోలిక్ ఆమ్లం. ఇదే మందులు దీన్ని కూడా తగ్గిస్తాయి. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన పరిశోధనకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఆయన పేరు చెప్పి గర్వపడే మనం, ఆ మాత్ర అవసరమైన బిడ్డ పొరుగింట్లో ఉంటే గుర్తించలేకపోతున్నాం. అయితే ఇది కూడా సొంతంగా వేసేది కాదు. ఎక్కువైతే ఫెనిటోయిన్ పనిని తగ్గించగలదు.

జింకు చాలకపోతే పుండ్లు త్వరగా మానవు, జబ్బులు తరచుగా అంటుకొంటాయి. పీచూ నీరూ చాలకపోతే మలబద్ధకం, దానితో ఉన్న ఆకలి కూడా చచ్చిపోతుంది. చొంగ కారే పిల్లలకు నీరు ఇంకా ఎక్కువ కావాలి. ఇంకొక మెలిక ఉన్నది. చిక్కిపోయిన పిల్లలే కాదు, కదలిక లేనందువల్ల లావెక్కిన పిల్లలు కూడా ఉంటారు. వారికి కేలరీలు తక్కువ చాలు గాని, ఇనుమూ విటమినులూ తక్కువ చాలవు. చక్కెర పాలతో ఒళ్ళు నిండుతుంది, రక్తం నిండదు.

ఒక లోటు మరొక రోగపు వేషం వేసుకొని రావటం మన నేలకు కొత్త కాదు. జొన్నలే ప్రధానాహారమైన మన దక్కను పేదల్లో వెనుకటి తరంలో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలిన చర్మం నల్లబడి పగిలేది, విరేచనాలు, ఆపై మతి చలించటం. చూసినవారు చర్మరోగమనుకొన్నారు, పిచ్చి అనుకొన్నారు. అది నియాసిన్ అనే బి విటమిను లోపం. జొన్నలోని ల్యూసిన్‌కు ఇందులో పాత్ర ఉన్నదని 1960లో గోపాలన్, శ్రీకాంతయ్య అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. రేచీకటి కూడా ఒకప్పుడు తలవ్రాతే. అది ఎ విటమిను లోపమని తెలిసి, 1970 నుండి దేశమంతటా పిల్లలకు ఆ మందు పోస్తున్నారు. నేడు సెరిబ్రల్ పాల్సీ బిడ్డ సన్నదనాన్ని మనం తలవ్రాత అంటున్నాం. అంతే తేడా.

మరి చేయవలసినదేమిటి? ఇంట్లో చేయదగినవి ముందు చెబుతాను. పడుకోబెట్టి, తల వెనక్కు వాల్చి పోయరాదు. అట్లా పోస్తే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. నడుము నిలిచేటట్లు ఆనించి కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా లోపలికి ఉండేటట్లు పట్టుకొని, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగిన తరువాతే మరొకటి పెట్టాలి. చాలామంది పిల్లలకు నీళ్ళవంటి పలుచటి పదార్థమే గొంతులో అదుపు తప్పుతుంది. మెత్తగా, చిక్కగా, గడ్డలు లేకుండా ఉన్నది సులభంగా దిగుతుంది. తల్లులు భయపడి పలుచన చేస్తున్నారు. పలుచన చేసిన కొద్దీ బలమూ పోతున్నది, పొలమారటమూ పోవటం లేదు! వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. చిక్కటి రాగిజావలో మెత్తగా చిదిమిన గుడ్డు, పప్పు, ఉడికించి నలిపిన మునగాకు వంటివి ఒక్కొక్కటిగా చేర్చవచ్చు. చిన్న చెంచాడు నెయ్యి వేస్తే నలభైకి పైగా కేలరీలు పెరుగుతాయి, గిన్నె పరిమాణం పెరగదు. బాగా చిక్కిపోయిన బిడ్డకు ఒక్కసారిగా పెంచరాదు. వైద్యుని సలహాతో మెల్లగా పెంచాలి.

తినేటప్పుడు దగ్గు, కళ్ళలో నీళ్ళు, తిన్న తరువాత గొంతు గరగర, తరచుగా జ్వరం, న్యుమోనియా... ఇవి కనిపిస్తే వంటింటి ఉపాయాలతో కాలయాపన చేయరాదు. కొందరు పిల్లలకు నోటి ద్వారా క్షేమంగా తినిపించటం సాధ్యం కాదు. వారికి పొట్ట మీద చిన్న రంధ్రం చేసి, గొట్టం ద్వారా ఆహారం పంపుతారు. గ్యాస్ట్రోస్టమీ అంటారు. "నోటి ముద్ద కూడా దూరం చేస్తామా!" అని తల్లులు ఏడుస్తారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కాని గొట్టం పెట్టించిన తల్లి ఓడిపోయిన తల్లి కాదు.

ఇక మనందరం చేయవలసినది. మాది నిజాంసాగర్ కింది ఊరు. మంజీర మీద 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నీళ్ళతో మా పొలాల్లో వరి పండుతుంది. ధాన్యానికి కరువు లేని చోట ఆకలి ఉన్నదంటే, అది చేరవేతలోని లోపం. మా మాతా శిశు ఆసుపత్రికి 2022లో తల్లిపాల ప్రోత్సాహానికిగాను జాతీయ గుర్తింపు వచ్చింది. ఊరివాడిగా సంతోషించాను. చనుబాలు చప్పరించలేకపోవటం ఈ జబ్బుకు తొలి సూచనల్లో ఒకటి. పాలు పట్టించే విద్య తెలిసిన ఊరు, పాలు తాగలేని బిడ్డను మొదటి నెలలోనే గుర్తించి, తరువాత కూడా వెన్నంటి ఉండగలగాలి.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం గోధుమ, శనగ, పాలపొడి, నూనె, చక్కెరలతో చేసిన పొడి. వేడినీళ్ళలో కలిపితే చిక్కటి జావ అవుతుంది. మింగటం కష్టమైన బిడ్డకు సరిపోయే రూపం. కాని అది మూడేళ్ళ వయసుతో ఆగిపోతుంది. ఎనిమిదేళ్ళు వచ్చినా రెండేళ్ళవాని బరువుతో, రెండేళ్ళవాని నోటితో ఉన్న బిడ్డకు జనన ధ్రువపత్రం చూసి ఆపేస్తే ఎట్లా? అంగన్‌వాడీ అన్నమైనా, బడిలో మధ్యాహ్న భోజనమైనా, వచ్చి కూర్చున్న పిల్లలకు వడ్డించే ఏర్పాటు. రాలేని బిడ్డ వంతు గుడ్డు ఎవరు తీసుకువెళ్ళాలి? 2020లో కరోనా కాలంలో సరుకులు ఇంటికి పంపగలిగినప్పుడు, ఇప్పుడు ఊరికి ఇద్దరు ముగ్గురు పిల్లలకు పంపలేమా? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సెరిబ్రల్ పాల్సీని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. సామాజిక భద్రతా పథకాల్లో దివ్యాంగులకిచ్చే సాయం ఇతరులకన్నా కనీసం 25 శాతం అధికంగా ఉండాలని దాని 24వ సెక్షను అంటున్నది. నేను పాతిక శాతం ఎక్కువ అడగటం లేదు. ముందు సమానంగా చేరనివ్వండి అంటున్నాను.

భవిత కేంద్రాల్లో ఈ పిల్లలకు ఫిజియోథెరపీ చేస్తారు. అక్కడ ఒక తూకం యంత్రం, ఒక టేపు, ఒక పుస్తకం ఉంటే చాలు. కనీసం ఆరు నెలలకొకసారి బరువూ కొలతలూ, ఏడాదికొకసారి రక్తంలో ఇనుము, డి విటమిను వంటివీ చూడాలని ఐరోపా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2017లో సూచించింది. తిండి లేని కండకు వ్యాయామం నేర్పటం, ఎరువు లేని మొక్కకు పందిరి వేయటం వంటిది.

"మంచిగున్న పిల్లలకే దిక్కులేదు, వీళ్ళకు పెట్టి ఏం లాభం?" అన్న మాట పెద్దమనుషుల నోటనే విన్నాను. లాభనష్టాల బేరీజు అన్నం దగ్గర వేయవచ్చునా? వేయవలసే వస్తే, తిండి అందిన బిడ్డ తక్కువ జబ్బు పడతాడు, ఆసుపత్రి ఖర్చు తగ్గుతుంది, తల్లికి రెండు గంటలు మిగులుతాయి. ఈ లెక్క చూపి వారిని ఒప్పించగలను. కాని ఆ లెక్క తేలకపోయినా పెట్టవలసిందే అన్నది నా అభిప్రాయం. ఆకలి అర్హత పరీక్ష కాదు.

చివరగా నా తప్పు కూడా చెప్పుకోవాలి. నేను పనిచేసిన ఒక బడిలో ఇట్లాంటి పిల్లవాని పేరు రిజిస్టరులో ఉండేది. ఏడాదికి ఒకటి రెండుసార్లు తండ్రి భుజాన వేసుకొని తెచ్చేవాడు. నేను తల నిమిరి, "ఎట్లున్నడు?" అని అడిగేవాణ్ణి. "గట్లనే ఉన్నడు సార్" అనేవాడు. ఏం తింటున్నాడని ఒక్కసారి కూడా అడగలేదు. ఒక ఏడు అతను రాలేదు. పేరు కొట్టివేశాం. అతని మరణానికి ఏది కారణమో నేను చెప్పలేను. నేను అడగలేదన్నది మాత్రం చెప్పగలను.

బాన్సువాడ అమ్మాయి కొడుకుకు పరీక్షలు చేయించారు. రక్తమూ తక్కువే, డి విటమినూ తక్కువే. మందులు, చిక్కటి జావ, గుడ్డు, కూర్చోబెట్టి తినిపించటం... నాలుగు నెలల్లో పన్నెండు కిలోలు దాటాడు. ఒక్క పిల్లవాణ్ణి చూసి సిద్ధాంతం చేయరాదు. అతనింకా నడవడు, మాట్లాడడు, ఫిట్స్ పూర్తిగా తగ్గలేదు. మొన్న వెళ్ళినప్పుడు వంటింట్లో గిన్నె చప్పుడైతే తల అటు తిప్పి గట్టిగా ఒక కేక పెట్టాడు. "ఈ నడుమ గిట్లనే లొల్లి పెడుతుండు సార్, ఆకలైతే ఆగడు," అన్నది వాళ్ళమ్మ. విసుగ్గా అనబోయి నవ్వింది.

మిత్రులారా, మీ వీధిలోనో, బంధువుల్లోనో ఇట్టి బిడ్డ ఉండే ఉంటాడు. ఈసారి వెళ్ళినప్పుడు "ఎట్లా ఉన్నాడు?" అని కాక, "ఏం తింటున్నాడు? బరువెంత?" అని అడగండి. మీలో వైద్యులెవరైనా ఉంటే నా పొరపాట్లు దిద్ది వ్యాఖ్య వ్రాయగలరు. సవరించుకొంటాను.

స్వస్తి.